బ్యాటరీలు మారాయి, జబ్బు మారలేదు

భీమవరం దగ్గరి ఒక ఊరి నుంచి, డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పే ఒక పాఠకురాలు వివరమైన ఉత్తరం రాశారు. ఆమె నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 ఇప్పటికీ ఇంట్లో ఉంది. నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఇంజిన్ బాగుంది, రిజిస్ట్రేషన్‌ను 2023లో నాన్నగారే స్వయంగా వెళ్లి మరో 5 ఏళ్లకు పొడిగించుకొని వచ్చారు. చిక్కంతా కరెంటుతోనే. గత 14 నెలల్లో రెండు బ్యాటరీలు కొత్తవి వేశారు, ఇంజిన్ నడుస్తుండగా కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌ను విప్పించి కాయిల్ చుట్టించారు, కార్బన్లు మార్పించారు. అయినా శుక్రవారం సాయంత్రం ఇంటి ముందు ఆపిన కారు సోమవారం ఉదయం సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకుంటోంది. బ్యాటరీ దుకాణం వారు రాత్రంతా చార్జింగ్ పెట్టి, గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, చూసి, బ్యాటరీలో ఏ లోపమూ లేదని తిప్పి పంపుతున్నారు.

మొన్న వానాకాలంలో తల్లిని వెంటబెట్టుకొని రాత్రిపూట తణుకు నుంచి తిరిగి వస్తుండగా హెడ్‌లైట్లు ఎర్రబారి, వైపర్లు నీరసించి, చివరికి చెరువుల మధ్య రోడ్డు మీద కారు ఆగిపోయిందట. ఆ రాత్రి తర్వాత ఇంట్లో మాట పెరిగింది. భర్త అమ్మేద్దామంటున్నారు. హైదరాబాదులో ఉన్న తమ్ముడు తుక్కుకు ఇచ్చెయ్యమంటున్నాడు. తల్లి మాత్రం ఆయన నడిపిన కారు గుమ్మం దాటకూడదంటున్నారు. పాతికేళ్లుగా ఈ కారును చూస్తున్న మెకానిక్ నాన్నగారికి స్నేహితుడు, ఈమె బాబాయి గారూ అని పిలిచే మనిషి; ఆయనను కాదని మరొకరి దగ్గరకు వెళ్తే నొచ్చుకుంటారేమోనన్న బెంగ కూడా ఉంది. "నేను ఎవరి మాట వినాలి? అసలు ఈ కారుకు ఏమైంది?" అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో నడుస్తున్న వాదన కారును ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అన్నది. దానికంటే ముందు తేలవలసిన సంగతి ఒకటి ఇంకా తేలలేదు. ఈ 14 నెలల్లో ఒక్కరైనా మీటరు పట్టుకొని ఈ కారులో కరెంటు ఎంత తయారవుతోందో, ఎంత ఖర్చవుతోందో, ఎంత వృథాగా కారిపోతోందో కొలిచినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. భాగాలు మార్చారు, కొలతలు తీయలేదు. పాత కార్ల విషయంలో మనవైపు తరచుగా జరిగేది ఇదే. ముందుగా చతికిలబడేది బ్యాటరీ కనుక నేరం కూడా దానిమీదే మోపుతాం. కొత్త బ్యాటరీ వేయగానే నాలుగైదు వారాలు కారు చక్కగా నడుస్తుంది, జబ్బు నయమైందనిపిస్తుంది. ఆ కొత్తదాన్ని కూడా పాత జబ్బే మెల్లగా తినేస్తుంది.

మీరు చెప్పిన కథలో రెండు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. కదలకుండా నిలబెట్టిన కారు మూడు రోజుల్లో నీరసించడం ఒకటి. కదులుతున్న కారు రాత్రిపూట, వానలో, లైట్లూ వైపర్లూ కలిసి పనిచేసేటప్పుడు తనకు కావలసిన కరెంటును తాను తయారుచేసుకోలేకపోవడం మరొకటి. మొదటిదానికి కారణం ఎక్కడో కరెంటు కారిపోవడం. రెండోదానికి కారణం చార్జింగ్ చాలకపోవడం, లేదా తయారైనది బ్యాటరీ దాకా చేరకపోవడం. ఇవి రెండూ ఒకే మూలం నుంచి వచ్చే దారి ఒకటి ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను. ముందుగా వీటిని విడదీసి చూడండి.

నిలబెట్టిన కారు సంగతి తీసుకుందాం. వచ్చే సోమవారం ఉదయం సెల్ఫ్ కొట్టకముందే, అసలు తాళం కూడా తిప్పకముందే, బ్యాటరీ రెండు మొనలకు మల్టీమీటరు ఆనించి వోల్టేజీ చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 అంటే దాదాపు సగం ఖాళీ అయిందని, 12కు దిగువన అంటే చాలావరకు ఊడ్చుకుపోయిందని అర్థం. ఈ ఒక్క అంకె మీ అనుమానాన్ని రెండుగా చీలుస్తుంది. ఎందుకంటే 12.5 ఉండి కూడా టిక్కుమని ఆగిపోతే కరెంటు కారిపోవడం లేదనీ, టెర్మినళ్లకు చిలుము పట్టడమో, తీగ వదులు కావడమో, సెల్ఫ్ మోటారులో లోపమో ఉందనీ తెలుస్తుంది. 12కు తక్కువ ఉంటేనే కరెంటును ఎవరో తాగేస్తున్నారని రూఢి అవుతుంది. మీ విషయంలో రాత్రంతా చార్జింగ్ పెట్టాక కారు లేస్తోంది కనుక ఈ రెండోదే జరుగుతోందని నా అంచనా.

మీది కార్బ్యురేటరు బండి, అందులో కంప్యూటరు లేదు. తాళం తీశాక దానికి కావలసింది రేడియోలోని గడియారానికి సరిపడే కొద్ది మిల్లీ ఆంపియర్లు మాత్రమే. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే అనుమానించవలసిందే. ఉదాహరణకు 300 మిల్లీ ఆంపియర్లు కారుతున్నాయనుకోండి. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం ఉదయానికి సుమారు 60 గంటలు, అంటే 18 ఆంపియర్-అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) పోయినట్టు. మీ బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 35 అని రాశారు. పైగా మీరు రోజూ కళాశాలకు వెళ్లివచ్చేది పోను 4 కిలోమీటర్లు, రాను 4 కిలోమీటర్లు. ఆ కాస్త ప్రయాణంలో సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చైన కరెంటు తిరిగి వస్తుందేమోగాని, ఒక రోజులో కారిపోయిన 7 ఆంపియర్-అవర్లు పూడవు. అందువల్ల శుక్రవారం నాటికే మీ బ్యాటరీ నిండుగా ఉండటం లేదు. ఇలా ఎప్పుడూ అరకొరగా ఉండే బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, అది ఆయుష్షు తీరకముందే పోతుంది. రెండు బ్యాటరీలు అలా పోయాయే తప్ప దుకాణం వారు మిమ్మల్ని మోసం చేశారని నేను అనుకోను.

ఎవరు తాగుతున్నారు? 2019లో రిమోట్ తాళాలూ అలారమూ పెట్టించామని, దాని సైరన్ చాలాకాలంగా మోగడం లేదని మీరు ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయారు. నేనైతే అక్కడే ఆగుతాను. బయట అమర్చే ఇలాంటి పెట్టెలకు చాలాసార్లు తీగను ఫ్యూజు బాక్సు నుంచి కాక నేరుగా బ్యాటరీ నుంచి లాగుతారు, అతుకుల మీద టేపు చుట్టి వదిలేస్తారు. సైరన్ చచ్చినా లోపలి పెట్టె కరెంటు తీసుకోవడం మానకపోవచ్చు. దీన్ని పట్టుకోవడానికి పాత ఎలక్ట్రీషియన్లు వాడే టెస్ట్ ల్యాంపు పద్ధతి చక్కనిది. బ్యాటరీ నెగటివ్ క్లాంపు తీసి, ఆ క్లాంపుకూ బ్యాటరీ మొనకూ మధ్య 12 వోల్టుల చిన్న బల్బు కలుపుతారు. తలుపులన్నీ మూసి ఉండగా బల్బు వెలిగిందంటే కరెంటు పోతున్నట్టే. అప్పుడు ఒక్కొక్క ఫ్యూజూ తీస్తూ, చివరికి అలారం తీగ విడదీస్తూ, ఎక్కడ బల్బు ఆరిందో చూస్తారు. బల్బుకు బదులు మీటరును ఆంపియర్లలో పెట్టి చూస్తే కచ్చితమైన అంకె వస్తుంది. ఆ మీటరు కలిపి ఉండగా మాత్రం పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు. ఒకమాట, బ్యాటరీ దగ్గర మీరే చేయి పెట్టదలిస్తే ముందు గాజులూ ఉంగరాలూ తీసి పక్కన పెట్టండి. స్పానరు గానీ బంగారం గానీ పాజిటివ్ మొనకూ కారు ఒంటికీ మధ్య తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది.

ఇక నడుస్తున్న కారు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మొనల దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు కనిపించాలి. లైట్లు, వైపర్లు, బ్లోయరు అన్నీ వేసి, ఇంజిన్‌ను కొంచెం రేజ్ చేసినప్పుడు కూడా 13.5కు దిగకుండా ఉంటే చార్జింగ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. 13కు లోపలికి పడిపోతే మీరు ఆ రాత్రి బ్యాటరీ మీదే ప్రయాణం చేశారన్నమాట, అది ఖాళీ అయినచోట కారు ఆగింది. 15 దాటినా మంచిది కాదు. బ్యాటరీలో నీరు మరిగిపోతుంది, బల్బులు మాడతాయి. ఫ్యాన్ బెల్టు వదులైనా వానలోనే ముందుగా బయటపడుతుంది, తడికి జారుతుంది కనుక. అయితే అలాంటప్పుడు కీచుమన్న చప్పుడు వస్తుంది, మీరు చప్పుడేదీ రాయలేదు. బెల్టు బిగువు చూడటం రెండు నిమిషాల పని, చూపించండి.

మీ ఉత్తరంలో అసలు ఆధారం అని నాకు తోచింది, మీరు అప్రధానమని భావించి చివర్లో రాసిన వాక్యం. "ఈ మధ్య క్లచ్ కేబుల్ కూడా రెండుసార్లు పట్టేస్తే మార్పించాం, అది వేరే సంగతి" అన్నారు. అది వేరే సంగతి కాకపోవచ్చు. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. దానికీ కారు ఒంటికీ, బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కరెంటు తిరిగి రావడానికి అల్లిన రాగి పట్టీయో, లావుపాటి తీగో ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని ఎర్త్ అంటారు. ఉప్పుగాలీ, చెరువుల తేమా ఉన్న మీ ప్రాంతంలో పాతికేళ్లకు ఆ పట్టీ పుచ్చిపోయి ఉండటం వింత కాదు. ఎర్త్ దారి మూసుకుపోతే కరెంటు ఊరుకోదు, ఇంజిన్‌నూ ఒంటినీ కలిపే మరో లోహాన్ని వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ వంద ఆంపియర్లకు అటూ ఇటూగా వచ్చే కరెంటు సన్నని క్లచ్ కేబుల్ గుండా పోతే అది లోలోపల కాలి, గొట్టం కరిగి, పట్టేస్తుంది. ఇంజిన్ పనిచేసేవారు కేబుల్ మారుస్తారు, కరెంటు పనిచేసేవారు బ్యాటరీ మారుస్తారు, ఇద్దరి మధ్యా ఉన్న ఆ పట్టీ ఎవరి లెక్కలోకీ రాదు.

దీన్ని తేల్చడం సులభం. ఇంజిన్ నడుస్తూ హెడ్‌లైట్లు వెలుగుతుండగా మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మొనకు, మరో కొసను ఆల్టర్నేటర్ లోహపు ఒంటికి ఆనించండి. 0.2 వోల్టులకు మించి చూపకూడదు. అలాగే ఆల్టర్నేటర్ వెనక లావు తీగ బిగించిన బోల్టుకూ బ్యాటరీ పాజిటివ్ మొనకూ మధ్య 0.3కు మించకూడదు. ఈ అంకెలు 1 వోల్టు వరకు పోతే ఆల్టర్నేటర్ మంచిదైనా అది తయారుచేసింది దారిలోనే ఖర్చవుతోందని అర్థం. వోల్టేజీ పదో వంతు తగ్గితే హెడ్‌లైటు వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఆ రాత్రి లైట్లు ఎర్రబారడం అలా జరిగి ఉండవచ్చు.

రెండు ఫిర్యాదులకూ ఒకే మూలం ఉండవచ్చని పైన అన్నాను. అది ఆల్టర్నేటర్ లోపలి డయోడు. మనవైపు అందరూ ఆల్టర్నేటర్‌ను ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు గాని, రెండింటికీ చాలా తేడా ఉంది. పాత అంబాసిడర్లలో ఉండే డైనమో నేరుగా డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, ఇచ్చేది. ఆల్టర్నేటర్ ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు, తయారుచేస్తుంది, దాన్ని డయోడ్లు డీసీగా మారుస్తాయి. అవే డయోడ్లు కారు ఆపినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి కారకుండా కాపలా కాస్తాయి. వాటిలో ఒకటి చెడితే చార్జింగ్ తగ్గుతుంది, రాత్రంతా కరెంటు వెనక్కి కారే అవకాశమూ ఉంటుంది, ఇంజిన్ నడుస్తుండగానే డ్యాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు దీపం మసకగా వెలగవచ్చు. ఆ దీపం చీకట్లో గమనిస్తే లేత ఎరుపుగా కనిపిస్తుందని మీరు రాశారు. కాయిల్ చుట్టించినప్పుడు డయోడ్ ప్లేటు మార్చారా అని అడగండి. దీన్ని తేల్చడానికి ఎలక్ట్రీషియన్ మీటరును ఏసీలో పెట్టి, నడుస్తున్న ఇంజిన్‌లో బ్యాటరీ దగ్గర చూస్తాడు. అర వోల్టు ఏసీ కనిపించిందంటే డయోడ్ పోయినట్టే. చవక మీటర్లు ఈ కొలతలో తప్పుడు అంకె చూపుతాయి కనుక దీన్ని ఇంట్లో చేయవద్దు.

ఇక్కడ మీకు ఇబ్బందిగా తోచే ఒక మాట చెప్పక తప్పదు. బాబాయి గారు ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు ఊడదీసి, ఇంజిన్ ఆగలేదు కనుక డైనమో మంచిదేనని తేల్చారని, ఇలా మూడుసార్లు చేశారని రాశారు. డైనమోల కాలంలో మెకానిక్‌లందరూ అలాగే చూసేవారు, ఆయన నేర్చుకున్నది ఆ కాలంలోనే. ఆల్టర్నేటర్‌కు మాత్రం అది హాని చేస్తుంది. నడుస్తుండగా బ్యాటరీ తప్పిపోతే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి డయోడ్లనూ, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌నూ చంపగలదు. మీ కారులో అదే జరిగిందని నేను అనలేను, ఇకమీదట మాత్రం ఆ పరీక్ష చేయించవద్దు.

హెడ్‌లైట్ల గురించి కొద్దిగా. వెలుగు చాలడం లేదని 100/90 వాట్ల బల్బులు వేయించారట. మామూలు 60/55 వాట్ల జత డిప్‌లో సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటే ఇవి 15 తీసుకుంటాయి. చార్జింగే చాలని కారు మీద అది అదనపు భారం, స్విచ్చుకూ పాత తీగలకూ కూడా. వెంటనే తీయించి మామూలువి వేయించండి. తీగల్లో నష్టం తగ్గితే అవే బాగా వెలుగుతాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, పైన చెప్పిన కొలతలన్నీ ఒక పూట కూర్చొని చేయించి, తేలినదాన్ని మాత్రమే బాగుచేయించడం. ఎర్త్ పట్టీ, టెర్మినళ్లు, డయోడ్ ప్లేటు, అలారం తొలగింపు, ఈ పనులన్నీ కలిపినా మీరు ఇప్పటికే రెండు బ్యాటరీలకు పెట్టినంత కావు. దీనికి ఓపిక కావాలి, ఒక ఆదివారం పోతుంది. రెండోది, బ్యాటరీ నెగటివ్‌కు ఒక కటాఫ్ స్విచ్చు పెట్టించుకొని, కారు ఆపిన ప్రతిసారీ తిప్పేయడం. సోమవారం ఉదయపు బాధ ఆ రోజే తీరుతుంది. రాత్రి ప్రయాణపు ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది, కరెంటు కారే చోటు లోపల దాగే ఉంటుంది. ఆ చోటు ఒరిసిన తీగ అయితే ఏదో ఒకరోజు పొగ కూడా రావచ్చు. మూడోది, మీ భర్త గారికి ఎవరో చెప్పిన మొత్తం వైరింగ్ మార్పిడి. పాత తీగలు పెళుసెక్కి విరుగుతుంటే అది తప్పదు. అంతవరకు రాకపోతే నేను తొందరపడను. ఎందుకంటే ఫ్యాక్టరీలో అమర్చిన తీగల కట్టను విప్పి చేతితో కొత్తది అల్లేటప్పుడు చెయ్యి సరైనది కాకపోతే ఇప్పుడున్న ఒక్క లోపం స్థానంలో నాలుగు వస్తాయి.

నాలుగోది అమ్మకం లేదా తుక్కు. నేను దీనికి విరోధిని కాను. మీ తమ్ముడి మాటలో కారు మీద కోపం కంటే ఆ రాత్రి రోడ్డు మీద నిలిచిపోయిన అమ్మ గురించిన భయమే నాకు ఎక్కువ కనిపించింది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అయితే జబ్బు తెలియని కారుకు ఎవరూ ధర ఇవ్వరు. జబ్బు దాచి అమ్మితే అది కొన్నవారు ఏదో ఒక రాత్రి మీలాగే నిలిచిపోతారు. కొలతలు తేలాక అమ్మినా, నమోదైన తుక్కు కేంద్రానికి ఇచ్చినా మీ మనసు నిబ్బరంగా ఉంటుంది. ఏ దారి పట్టినా ఒకటి చూసుకోండి: ఆర్‌సీ ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. ఇంకా నాన్నగారి పేరునే ఉంటే, యజమాని పోయిన 3 నెలల్లోగా వారసులు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలన్నది నిబంధన. ఆలస్యమైనా వెంటనే రవాణా కార్యాలయంలో అడిగి ఆ పని, దానితోపాటు ఇన్సూరెన్సు పేరు మార్పు చేయించండి. అది లేకుండా కారు నడపడం బ్యాటరీ లోపం కంటే పెద్ద ప్రమాదం.

బాబాయి గారి విషయంలో మీ సంకోచం నాకు అర్థమైంది. మన ఊళ్లలో ఇంజిన్ మెకానిక్ వేరు, ఆటో ఎలక్ట్రీషియన్ వేరు. ఒకరి పని మరొకరికి అప్పగించడం ఆ వృత్తిలో ఎవరికీ అవమానం కాదు. కాబట్టి ఆయన వెనకాల వెళ్లకుండా ఆయననే వెంట తీసుకెళ్లండి. "బాబాయి గారూ, ఈసారి ఏదైనా మార్చే ముందు మీటరు పెట్టించి అంకెలు రాసుకుందాం, మీకు నమ్మకమైన ఎలక్ట్రీషియన్ ఎవరున్నారు?" అని అడగండి. పాతికేళ్లు ఈ కారును నడిపించిన మనిషికి దాని ప్రతి తీగా ఎటు పోతుందో తెలుసు, ఎలక్ట్రీషియన్‌కు ఆ జ్ఞాపకం పనికొస్తుంది. ఆయన ఒప్పుకోకపోయినా, మీటరు ఎందుకని కోప్పడినా, నొచ్చుకుంటారని ఆగకండి. అమ్మగారిని ఎక్కించుకొని తిరిగే బండి ఇది అని చెప్పి, మీరే భీమవరంలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో మంచి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

ఇవన్నీ తేలేదాకా చీకటి పడ్డాక గానీ, వాన పడుతుండగా గానీ ఆ కారులో అమ్మగారిని ఎక్కడికీ తీసుకెళ్లకండి. శుక్రవారం సాయంత్రం కారు ఆపగానే నెగటివ్ క్లాంపు తీసి ఉంచండి, కనీసం ఈ బ్యాటరీ అయినా మిగులుతుంది. నిలబెట్టినప్పటి వోల్టేజీ, లైట్లు వేసి నడిపినప్పటి వోల్టేజీ, ఎర్త్ దగ్గరి వోల్టేజీ, ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి పంపితే, అప్పుడు ఏది ముందు విప్పించాలో మరింత కచ్చితంగా చెప్పగలను.